తిన్నదంతా ఓపిక అవుతుందా?



ఏ చెల్లెల్ని, ఏ వదినను బాగున్నావా అని పలకరించినా, "బాగానే ఉన్నాం గానీ అక్కా, ఒంట్లో ఓపికే ఉండటం లేదు" అంటారు. ఏ పెళ్లింట్లో నలుగురు ఆడవాళ్లు ఓ మూల చేరినా, చీరల ముచ్చటా నగల ముచ్చటా అయ్యాక వచ్చేది ఈ ముచ్చటే. "మూడు పూటలా తింటున్నా, తిన్నది ఒంటికి పట్టడం లేదు." "మధ్యాహ్నం మూడయ్యేసరికి కాళ్లు లాగేస్తున్నాయి." "మేడమెట్లు ఎక్కితే చాలు, ఆయాసం." ఆ వెంటనే సలహాల వాన మొదలవుతుంది. ఒకరు గ్లూకోజ్ పొడి కలుపుకుని తాగమంటారు. ఇంకొకరు ఓ సెలైన్ సీసా ఎక్కించుకుంటే లేచి తిరుగుతావంటారు. చివర్లో ఏ పెద్దావిడో "మా రోజుల్లో పదిమందికి వండి వార్చేవాళ్లం, ఇలా డీలా పడ్డామా?" అని ఓ చురక అంటిస్తుంది. నీరసం కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెడుతుంది, అవునా?

అందుకే ఈసారి వంటలూ కుట్లూ అల్లికలూ పక్కనపెట్టి, అసలు ఈ ఓపిక అనేది ఒంట్లో ఎక్కడ తయారవుతుందో మాట్లాడుకుందాం. సైన్సు అనగానే పేజీ తిప్పేయకండి. పరీక్షలేవీ పెట్టను. పిల్లల పుస్తకంలో "కణశ్వాసక్రియ" అని ఓ పాఠం ఉంటుంది చూడండి, వాళ్లు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని మర్చిపోతారే, ఆ పాఠం నిజానికి మనకోసం రాసినట్టే ఉంటుంది.

మనం తిన్న అన్నం పొట్టలో, పేగుల్లో అరిగి గ్లూకోజ్ అవుతుంది. పప్పు అమైనో ఆమ్లాలుగా, నూనె కొవ్వు ఆమ్లాలుగా విడిపోతాయి. ఇవన్నీ రక్తంలోకి చేరతాయి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ రక్తంలో గ్లూకోజ్ తిరుగుతున్నంత మాత్రాన చిటికెన వేలు కూడా కదలదు. షుగరు జబ్బున్నవాళ్లని గమనించండి. వాళ్ల రక్తంలో చక్కెరకేం కొదవ? ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంటుంది. అయినా షుగరు అదుపు తప్పిన రోజుల్లో నీరసంతో సోలిపోతుంటారు. ఎందుకంటే ఆ గ్లూకోజ్ కణాల్లోకి వెళ్లాల్సినంతగా వెళ్లడం లేదు. కణంలోకి వెళ్లి, అక్కడ ఆక్సిజన్‌తో కలిసి విడిపోతేనే అది శక్తి అవుతుంది.

ఈ సంగతి మనిషికి తెలియడం వెనక మంచి కథ ఉంది. 1780లలో పారిస్‌లో లావోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త, లాప్లాస్ అనే గణితవేత్తతో కలిసి ఓ గినీపిగ్‌ను చుట్టూ మంచు నింపిన పాత్రలో కూర్చోబెట్టాడు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచాడు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువు ఎంతో కొలిచాడు. అంతే వాయువు వచ్చేలా బొగ్గు కాల్చి, ఆ వేడికి ఎంత మంచు కరుగుతుందో కూడా చూశాడు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ప్రాణి ఊపిరి తీయడమంటే మంట లేకుండా నెమ్మదిగా కాలడమేనని తేల్చాడు. తర్వాత సెగాన్ అనే సహచరుడి మొహానికి తొడుగు పెట్టి, కూర్చున్నప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుతున్నాడు, కాలితో బరువు తొక్కుతున్నప్పుడు ఎంత, తిన్నాక ఎంత అని కొలిచాడు. పని చేస్తే పెరిగింది, తింటే పెరిగింది, చలికి కూడా పెరిగింది. ఆ ప్రయోగాలను బొమ్మలు గీసి పెట్టింది ఆయన భార్య మరీ ఆన్. ఆ బొమ్మల్లో ఓ పక్క బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటున్న ఆడమనిషి ఉంటుంది. ఆ మనిషి ఆవిడే. ఫ్రెంచి విప్లవంలో 1794 మే 8న లావోయిజర్ తల తీసేశారు. ఆయన చివరి రాతపత్రాలను కూడదీసి అచ్చు వేయించిందీ ఆవిడే.

లావోయిజర్ ఈ కాలడం ఊపిరితిత్తుల్లో జరుగుతుందనుకున్నాడు. అది ప్రతి కణంలోనూ జరుగుతుందని తర్వాతి శతాబ్దంలో తేలింది. ఊపిరితిత్తులు గాలిని లోపలికి తీసుకుని రక్తానికి అందిస్తాయి, అంతే. అసలు పని వేళ్ల కొసల్లో, గుండెలో, మెదడులో, ఈ అక్షరాలు చదువుతున్న మీ కంట్లో జరుగుతోంది, ఇప్పుడే, ఈ క్షణంలోనే.

గ్లూకోజ్‌ను కణం ఒక్కసారిగా కాల్చేస్తే ఆ వేడికి కణమే ఉడికిపోతుంది. అందుకని ఒక్కో మెట్టూ దిగుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైమ్‌ను పెట్టుకుని, కొంచెం కొంచెంగా శక్తిని రాబడుతుంది. మొదటి విడతలో గ్లూకోజ్ రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కను పైరువేట్ అంటారు. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. కానీ వచ్చే లాభమూ తక్కువే. ఏటీపీ అనే పదార్థం రెండంటే రెండు అణువులు మిగులుతాయి. కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు పంపాలన్నా, కొత్త కణం కట్టాలన్నా ఈ ఏటీపీయే ఖర్చవుతుంది. మనం ఓపిక అంటున్నది చివరికి దీన్నే.

రెండో విడత కణం లోపల ఉండే మైటోకాండ్రియాలో. ఇక్కడికి చేరిన పైరువేట్‌లోని కార్బన్ చాలావరకు ఒక చక్రంలో తిరుగుతూ బొగ్గుపులుసు వాయువుగా బయటపడుతుంది. ఈ చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ కనిపెట్టాడు. యూదుడని నాజీలు జర్మనీలో ఉద్యోగం ఊడగొడితే ఇంగ్లండు చేరి, షెఫీల్డ్‌లో పని చేసుకుంటున్న మనిషి. ఈ సంగతి రాసి పంపితే పేరున్న 'నేచర్' పత్రిక చోటు లేదని తిప్పి పంపింది. వేరే పత్రికలో వేయించుకున్నాడు. 1953లో అదే పనికి నోబెల్ వచ్చింది. తిప్పి పంపిన ఉత్తరాలు చూసి డీలా పడే రచయిత్రులు మనలోనూ ఉన్నారుగా, వాళ్లకి ఈ కబురు.

మూడో విడత అన్నిటికన్నా ముచ్చటైంది. తిండి నుంచి ఊడదీసిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒకదాన్నుంచి ఒకదానికి చేతులు మారుతూ పోతాయి. ఆ ఊపుతో హైడ్రోజన్ అయాన్లు పొరకు ఓ పక్కన పోగుపడతాయి. నాగార్జునసాగర్ చూశారుగా? ఆనకట్ట వెనక నీళ్లు నిలబెట్టి, వాటిని సన్నటి దారిలో వదిలి, ఆ ఉరవడికి టర్బైన్లు తిప్పి కరెంటు తీస్తారు. ఇక్కడా అదే ఏర్పాటు. పోగుపడ్డ అయాన్లు ఓ చిన్న మరలోంచి దూకుతుంటే ఆ మర గిర్రున తిరుగుతుంది. ఒక్క చుట్టుకు మూడు ఏటీపీలు. సెకనుకు వంద చుట్లు దాటి కూడా తిరగగలదు. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెబితే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయన ఒక్కడికే నోబెల్ ఇచ్చారు. మర తిరిగే తీరు విప్పి చెప్పిన బోయర్, వాకర్‌లకు 1997లో ఇచ్చారు.

ఇంత తతంగంలో ఆక్సిజన్ వచ్చేది ఆఖర్న. చేతులు మారి మారి వచ్చిన ఎలక్ట్రాన్లను అందుకుని, హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. అందుకునేవాడు లేకపోతే వెనకాల వరసంతా ఎక్కడికక్కడ ఆగిపోతుంది. మనం నిమిషానికి పన్నెండు పద్దెనిమిదిసార్లు ఊపిరి తీసేది ముఖ్యంగా ఆ ఆఖరి పనికోసమే. ఆక్సిజన్ అందితే ఒక్క గ్లూకోజ్ నుంచి 30, 32 ఏటీపీల దాకా వస్తాయి. అందకపోతే మొదట చెప్పిన ఆ రెండే. తిండి అంతే, తేడా గాలిది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మన నీరసం గుట్టు ఇందులోనే ఉంది.

ఈ ఏటీపీని మొదట పట్టుకున్నవాళ్లలో మనవాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో, మద్రాసులో చదివాడు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు దొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి వీళ్లిద్దరూ 1925లో కనిపెట్టారు. ఇప్పటికీ దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1929లో కండరంలో ఏటీపీని వేరుచేయగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. అంత చేసినా హార్వర్డ్ ఆయనకు పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. పెళ్లయిన కొన్నేళ్లకే సముద్రం దాటిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆవిడ పేరు కూడా ఓసారి తలుచుకుందాం.

ఏటీపీ గురించి మరో వింత. దీన్ని బీరువాలో దాచినట్టు దాచడం కుదరదు. ఒంట్లో ఏ క్షణాన చూసినా కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. పరిగెత్తితే కొన్ని సెకన్లకే సరి. ఖర్చయినదాన్ని వెంటవెంటనే మళ్లీ తయారుచేసుకోవాలి. అలా రోజు మొత్తం మీద తయారయ్యేదీ ఖర్చయ్యేదీ కలిపి చూస్తే దాదాపు మన బరువంత ఉంటుందట! "రోజంతా ఏం చేశావు?" అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. మంచం మీద పడుకున్నా మెదడు మన శక్తిలో ఐదో వంతు తినేస్తూనే ఉంటుంది. శక్తిలో ఏటీపీగా మారనిది వేడి అవుతుంది. ఒంటి వేడి ఆ చలవే.

ఇదంతా కంటికి కనబడదు కాబట్టి నమ్మడం కష్టం అంటారా? వంటింట్లోకి రండి. పెసలు నానబెట్టి, బట్టలో మూటకట్టి, మర్నాడు విప్పేటప్పుడు మధ్యలోకి వేళ్లు పోనివ్వండి. నులివెచ్చగా తగులుతుంది. మొలకెత్తే గింజ తనలో దాచుకున్న తిండిని ఖర్చుపెడుతోంది, ఆ వేడి దానిదే. తడి ఆరని ధాన్యం కుప్ప పోస్తే లోపల కాగిపోతుందని రైతు ఇంటి ఆడపడుచుకు చెప్పక్కర్లేదు. అక్కడ గింజలతో పాటు బూజు కూడా ఊపిరి తీస్తుంటుంది. ధాన్యం పాతర తీసేటప్పుడు మన పెద్దలు ముందు దీపం దింపి చూసేవాళ్లు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. లోపల ఆక్సిజన్ అయిపోయి బొగ్గుపులుసు వాయువు నిండి ఉంటుంది. వాడకంలో లేని నూతుల్లో, డ్రైనేజీ గుంతల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు పడిపోతారు. మీ ఇంటి మగవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి.

సెలవు రోజున పిల్లలతో ఒకటి చేయించండి. తమలపాకుల్లోకి వాడే సున్నం కొంచెం గ్లాసెడు నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైన తేట వేరే గ్లాసులోకి వంచండి. అందులో స్ట్రా పెట్టి ఊదమనండి. కాసేపట్లో తేట పాలలా తెల్లబడుతుంది. పొద్దున తిన్న ఇడ్లీలోని కార్బన్ మన రక్తంలోంచి, ఊపిరిలోంచి వచ్చి సున్నంతో కలిసి సుద్దయింది. పెద్దవాళ్లు దగ్గరుండాలి సుమా. ఊదాలే గానీ పీల్చకూడదు, కళ్లలో చిందకూడదు.

ఇడ్లీ మాట వచ్చింది కాబట్టి, పిండి సంగతి కూడా చెప్పేస్తాను. ఎండాకాలం రాత్రి కలిపిన పిండి తెల్లారేసరికి గిన్నె మూత ఎత్తేస్తుంది. అందులో పెరిగే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేకుండానే చక్కెరల్ని విడగొట్టి బతుకుతాయి. పులుపు వాటి లాక్టిక్ ఆమ్లం, పొంగు అవి వదిలిన వాయువు. ఆక్సిజన్ లేని బతుకు కాబట్టి లాభం తక్కువ, సగం కాలిన సరుకంతా ఆమ్లంగా మిగిలిపోతుంది. ఆ మిగులే మనకు రుచి.

మన కండరాలు కూడా అవసరమైతే ఈ దారి పడతాయి. లిఫ్టు పాడై, సరుకుల సంచులతో నాలుగంతస్తులు గబగబా ఎక్కారనుకోండి. తొడ కండరాలకు రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్ చాలదు. అవి గ్లూకోజ్‌ను లాక్టేట్ దాకానే విడగొట్టి, ఆ కాస్త ఏటీపీతో నెట్టుకొస్తాయి. పైకెక్కాక రొప్పుతాం చూడండి, అప్పుడు లోటు పూడుతుంది. లాక్టేట్ రక్తంలో కాలేయానికి పోయి మళ్లీ గ్లూకోజ్ అయి వస్తుంది. మర్నాడు పట్టేసే నొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది అంటారు గానీ, అది గంటా రెండు గంటల్లో సర్దుకుపోతుంది. అలవాటు లేని పనికి కండరపు పోగులు కొద్దిగా దెబ్బతినడం వల్ల వచ్చే నొప్పులవి.

లాక్టేట్ కాలేయానికి వెళ్లి వచ్చే ఈ దారిని కనిపెట్టింది గెర్టీ కోరి, ఆవిడ భర్త కార్ల్. ప్రాగ్‌లో పుట్టి, చదువుకుని, 1922లో అమెరికా వెళ్లారు. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే పని. ఆయనకు పెద్ద ఉద్యోగం, ఆవిడకు సహాయకురాలి జీతం. ఒక యూనివర్సిటీలో అయితే "భర్తతో కలిసి పనిచేసి ఆయన ఎదుగుదలకు అడ్డొస్తున్నావు" అని మొహం మీదే అన్నారట. 1947లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. పూర్తిస్థాయి ప్రొఫెసర్‌గిరీ ఆవిడకు దక్కిందీ ఆ ఏడాదే. పని ఒకటే, పేరు వేరు అనే బాధ మీకూ నాకూ కొత్తేం కాదు కదా.

ఇక బరువు తగ్గాలని తంటాలు పడేవాళ్లకు ఓ మాట. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందంటే చెమటలో అంటారు కొందరు, వేడైపోతుందంటారు ఇంకొందరు. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన మీర్‌మన్, బ్రౌన్ అనే ఇద్దరు అణువుల లెక్క కట్టి ఓ వైద్య పత్రికలో రాశారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో పోతాయి, మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. వాళ్లు అడిగితే డాక్టర్లూ వ్యాయామ శిక్షకులూ కూడా చాలామంది తప్పే చెప్పారు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి తీస్తే కొవ్వు కరగదు, కళ్లు తిరుగుతాయి. ముందు కణం కొవ్వును ఖర్చుపెట్టాలి, అందుకు ఒళ్లు కదలాలి. చెమట పట్టించే బెల్టులకూ ప్లాస్టిక్ చుట్లకూ పోసే డబ్బు మాత్రం నీళ్లలో పోసినట్టే.

ఇప్పుడు మన అసలు ముచ్చటకొద్దాం. కడుపునిండా తింటున్నా ఓపిక ఎందుకు లేదు? తిండి ఒక్కటే చాలదని చూశాం. ఈ దారిలో ఇంకో రెండు కావాలి.

ఒకటి, ఎంజైమ్‌లకు తోడుండే విటమిన్లు. పైరువేట్ మైటోకాండ్రియాలో చక్రంలోకి చేరాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ ఉండాలి. అది బియ్యపు గింజ పైపొరలో, తవుడులో ఉంటుంది. మరపట్టి తెల్లగా మల్లెపువ్వులా చేసిన బియ్యంలో చాలావరకు పోతుంది. మిగిలింది నాలుగుసార్లు కడిగి, గంజి వంచేస్తే అదీ పోతుంది. 20వ శతాబ్దం మొదటి భాగంలో మన కోస్తా జిల్లాల్లో, అప్పటి ఉత్తర సర్కారుల్లో, బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. కాళ్లు తిమ్మిర్లు, వాపులు, గుండె నీరసించడం. ఉప్పుడు బియ్యం తినేచోట్ల ఈ జబ్బు తక్కువ. ఎందుకంటే వడ్లను ఉడికించి మరపట్టినప్పుడు థయమిన్ గింజలోకి ఇంకుతుంది. ఆ మనుషులు అన్నం తినక కాదు జబ్బుపడింది, ఆ అన్నాన్ని శక్తిగా మార్చే తాళంచెవి గంజితో పాటు పారబోయడం వల్ల. పప్పూ, పల్లీలూ, మొలకలూ, దంపుడు బియ్యం తినేవాళ్లకు ఈ లోటు రాదు. అన్నం గంజి వంచకుండా ఇగిరేలా వండుకుంటే ఇంకా మంచిది.

రెండోది, మన ఆడవాళ్ల ఇంటింటి కథ: ఇనుము. ఆక్సిజన్‌ను కణం దాకా మోసేది ఎర్ర రక్తకణం. తనలో మైటోకాండ్రియా ఉండవు కాబట్టి మోసే ఆక్సిజన్‌లో చుక్క కూడా తాను వాడుకోదు. అందరికీ వడ్డించి తాను మిగిలింది తినే ఇల్లాలు గుర్తొచ్చిందా? ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కోదానిలో నాలుగు ఇనుప పరమాణువులు. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చేతులు మారే చోట కూడా ఇనుమే ఉంటుంది. ఇనుము తగ్గితే మోతా తగ్గుతుంది, లోపలి పనీ మందగిస్తుంది. తిన్న అన్నం అన్నంలానే ఉంటుంది, ఓపిక మాత్రం తయారవదు. గుండె ఉన్న రక్తాన్నే గబగబా తిప్పి సర్దుకొద్దామని చూస్తుంది. మెట్లెక్కితే దడ, ఆయాసం అందుకే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 59కి దగ్గర, తెలంగాణలో 58కి దగ్గర. మగవాళ్లలో నూటికి పాతికే. నెలసరి, కాన్పులు, పాలివ్వడం ఒక ఎత్తు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకోవడం ఇంకో ఎత్తు. నూటికి సగం మందికి పైగా ఉన్న జబ్బును బద్ధకమని తిట్టే ఇళ్లు మాత్రం నూటికి నూరు.

దీని మందులోనూ మన సుబ్బారావు ఉన్నాడు. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఒక రకం రక్తహీనత నయమవుతోందని 1931లో రాసింది. అందులో ఉన్నది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తెలిసింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసి మందుగా అందించిన లెడర్లే కంపెనీ పరిశోధకులకు పెద్దదిక్కు సుబ్బారావే. అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకూ ఆ మందే పనిచేసింది. ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఇంటికొచ్చి ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఈ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ మాత్రల్ని బాత్రూం అలమరలో పడేసి మర్చిపోతున్నారు కదూ?

"మలం నల్లగా వస్తోందక్కా, భయమేసి మానేశాను" అంటారు. ఐరన్ మాత్రకు అది మామూలే. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి, అప్పటికీ పడకపోతే డాక్టరుకు చెప్పి వేరే రకం రాయించుకోండి. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, వీటితో కలిపి వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో తోడుంటే బాగా పడుతుంది. తిండిలో తోటకూర, గోంగూర, సజ్జలు, పప్పులు, నువ్వులు ఉండాలి. ఆకుకూరల్లోని ఇనుము కన్నా మాంసం, చేప, కాలేయంలోది ఒంటికి తొందరగా పడుతుంది కాబట్టి, తినేవాళ్లు తినండి. శాకాహారులు బి12 కూడా చూపించుకోవాలి. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే ఓ గంట ఆగండి.

మరి ఆ గ్లూకోజ్ పొడి, సెలైన్ సంగతి? సెలైన్ అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు. అందులో ఒక్క కేలరీ లేదు. "గ్లూకోజ్ బాటిల్" అని పెట్టే 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. వంద కేలరీలకు మించదు, రెండు ఇడ్లీలు తిన్నా దాదాపు అంతే. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ రక్తం లేక నీరసపడ్డ మనిషికి మళ్లీ చక్కెరనీళ్లు ఎక్కిస్తే, ఉన్న గ్లూకోజ్‌నే వాడుకోలేని కణం ఏం చేసుకుంటుంది? ఆ సీసాకు పెట్టే డబ్బుతో రక్తపరీక్ష అయిపోతుంది.

అన్నట్టు ఇంకో సంగతి. ఈ మైటోకాండ్రియా మనకు అమ్మ నుంచే వస్తాయి. నాన్నవి దాదాపు ఎవరికీ రావు. మన ఇంట్లో కొడుకైనా కూతురైనా తన శక్తిని తయారుచేసుకునేది అమ్మ ఇచ్చిన వాటితోనే. అమ్మ ఇచ్చినవి సరిగ్గా పనిచేయాలంటే కూతుళ్ల రక్తంలో ఇనుముండాలి. కాబట్టి పరీక్షకు మీరొక్కరే వెళ్లొద్దు, హైస్కూలుకు వెళ్లే అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.

దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 గ్రాములకన్నా తక్కువుంటే, గర్భిణికి 11 కన్నా తక్కువుంటే, రక్తహీనత ఉన్నట్టే. ఎందుకు తగ్గిందో డాక్టరు చెప్పాక మందు మొదలుపెట్టండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతున్నా, మొలలున్నా దాచుకోకుండా చెప్పండి. రక్తం బాగానే ఉండి నీరసం తగ్గకపోతే థైరాయిడ్, షుగరు కూడా చూపించుకోవాలి. ఇవాళ రాత్రి నుంచి మాత్రం ఇంట్లోవాళ్లతో పాటే పీట వేసుకుని కూర్చుని, కూర గిన్నె నిండుగా ఉన్నప్పుడే వడ్డించుకోండి.